తాళం వేసిన ఇళ్ల సగటు

మా స్టాటిస్టిక్స్ మేడం పోయారని ఫోన్లో చూసి, వంటింటి గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. పొయ్యి మీద చారు పొంగుతోంది. అమ్మ మంట తగ్గించి నా మొహం చూసి, "ఏందే, గిప్పట్నుంచే బెంగ పెట్టుకుంటున్నవా? నాగర్‌కర్నూల్ ఏమన్న దేశం గాని దేశమా? అన్న ఇల్లే గద" అన్నది.

నేను ఏమీ అనలేదు. అనకపోయేసరికి అది బెంగేనని ఖాయమైపోయింది. సాయంత్రం నాయిన కూడా అదే మాట అన్నాడు. అన్న ఫోన్ చేస్తే అమ్మ నా ముందే చెప్పింది. "జర దిగులుగున్నది. ఆడికి వస్తే సర్దుకుంటది తియ్."

మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే. నేను ఊరుకుంటే, దానికి ఎవరికి కావలసిన అర్థం వాళ్లు తీసుకుంటారు. తప్పని నేను చెప్పేలోపే అది చుట్టాలదాకా పోయి ఉంటుంది.

మాది గద్వాల. అన్నకు నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం, వదినకు కూడా. వాళ్ల పాప ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది. నేను డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను కాబట్టి, పోయి వాళ్లింట్లో ఉండి పాపను చూసుకుంటూ, పాప పడుకున్నప్పుడు గ్రూప్స్‌కు చదువుకోవచ్చని ఎండాకాలం మొదట్లోనే ఇంట్లో అనుకున్నారు. నన్ను అడగలేదు. అన్నం తింటుంటే చెప్పారు. నేను తినడం ఆపలేదు. అదే ఒప్పుకోలయింది. ఇందులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. పాప అంటే నాకు ప్రాణం. నోరు విప్పడం కష్టమైంది అందుకే.

మేడం పోయిన రోజు నా బెంగ నాగర్‌కర్నూల్ గురించి కాదు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేకపోయాను. మీకు చెప్తున్నాను.

వార్త వచ్చింది మా క్లాసు వాట్సాప్ గ్రూపులో. డిగ్రీ అయిపోయాక అందులో ఉద్యోగాల నోటిఫికేషన్లు, పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఏమీ ఉండవు. ఒకరు ఒక్క వాక్యం పెట్టారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. వనపర్తిలో ఆమె అద్దెకున్న గది ముందు పాల ప్యాకెట్ ఎండ ఎక్కేదాకా అట్లాగే పడి ఉంటే, కింద ఉండే ఇంటివాళ్లకు అనుమానం వచ్చి తలుపు కొట్టారట. గుండె ఆగిపోయిందన్నారు. నిద్రలోనే అన్నారు. ఆ మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. ఎందుకంటే ఆమె మాకు నేర్పిన పాఠం నిద్ర గురించే.

ఆమె పేరు ఇక్కడ రాయను. కాలేజీలో కూడా మేం ఆమెను పేరుతో అన్నది లేదు. మిగతావాళ్లను ఫిజిక్స్ మేడం, తెలుగు మేడం అనేవాళ్లం. ఉత్తగా మేడం అంటే ఆమే. పొట్టిగా, చకచకా నడిచే మనిషి. బోర్డు తుడవడానికి డస్టర్ వెతికే ఓపిక ఉండేది కాదు, అరచేత్తో తుడిచేవారు. మధ్యాహ్నానికి చీర కుచ్చిళ్ల మీద అయిదు వేళ్లూ తెల్లగా కనపడేవి. చేతిసంచిలో ఎప్పుడూ మరమరాల పొట్లం ఉండేది. దాంట్లో కారం, ఉల్లిపాయ ఏమీ కలిపేవారు కాదు. ఉత్తవే తినేవారు. ఎవరైనా ఎదురుగా కూర్చుంటే మాట్లాడకుండా పొట్లం వాళ్లవైపు తిప్పేవారు.

మూడో ఏడాదిలో ఒక పాఠం ఉంది. ఒక పెద్ద జనాభా సగటు ఇంత అని ఎవరో అంటారు. జనాభానంతా అడగలేం. అందులోంచి కొందరిని తీసి, వాళ్లు చెప్పినదాని సగటు కట్టి, మొదట అన్న మాట నిలుస్తుందో లేదో చూడాలి. పుస్తకంలో లెక్క ఇట్లా మొదలయింది: ఒక గ్రామంలో స్త్రీల సగటు నిద్ర ఏడు గంటలు అనుకుందాం. మేం పెన్నులు తీసి ఏడు వేసుకున్నాం. మేడం చాక్‌పీసు బల్ల మీద పెట్టారు.

"ఎవరనుకున్నరు?"

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నా పక్కన కూర్చునే అమ్మాయి, "పుస్తకం అనుకున్నది మేడం" అన్నది.

"పుస్తకం ఏ ఊరికి పోయి చూసొచ్చింది?"

మేడం ఆ అమ్మాయినే అడిగారు. "మీ అమ్మ ఎంతసేపు పంటది?"

ఆ అమ్మాయి వేళ్లు మడిచి లెక్కపెట్టబోయింది. "నేను లేచేసరికి లేచి ఉంటది మేడం. నేను పండేటప్పటికి ఇంకా గిన్నెలు కడుగుతుంటది."

"అంటే?"

"అంటే తెల్వదు మేడం."

"నాకు గూడ తెల్వదు. పోయి అడుగుదాం పాండ్రి."

అట్లా ఒక పుస్తకం లెక్క కోసం మా క్లాసంతా ఊరి దారి పట్టింది. ధరూర్ దిక్కు ఒక ఊరును ఆమె ఎంచుకున్నారు. ఎందుకు ఆ ఊరే అంటే, మాలో ఎవరికీ అక్కడ చుట్టాలు లేరు కాబట్టి. "చుట్టాలుంటే వాళ్లింట్ల చాయ్ తాగి, వాళ్లు చెప్పిందే రాస్కొస్తరు" అన్నారు. మా కాలేజీ ఉన్న వనపర్తి నుంచి గద్వాలకు బస్సు, అక్కడి నుంచి ఆటోలు. దారంతా పత్తి కట్టెలు పీకేసిన చేన్లు. ఊరి ఇళ్ల నంబర్లన్నీ చీటీల మీద రాసి స్టీలు టిఫిన్ డబ్బాలో వేసి, మూత పెట్టి, ఒకరి తర్వాత ఒకరితో ఊపించారు. ఇంతసేపు ఎందుకని మాలో ఒకరు విసుక్కుంటే ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ పప్పు వండినప్పుడల్లా గుర్తొస్తుంది. "పప్పుల ఉప్పు చూడాల్నంటే ముందు గంటె పెట్టి కలుపుతం గద. ఊరిని కలిపే గంటె లేదు. వాడకట్టుకు వాడకట్టు వేరేగ ఉంటది. అందుకే చీటీలు కలుపుతున్నం."

చీటీ తీయడం తేలికే. ఆ చీటీలో ఉన్న ఇంటి ముందు నిలబడి మాట్లాడించడమే కష్టం. నాకు వచ్చిన మొదటి ఇంట్లో ఒక అవ్వ అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తోంది. నా చేతిలో అట్ట, కాగితాలు చూడగానే పక్కకు జరిగి చోటిచ్చింది.

"పింఛన్‌దా బిడ్డా?"

"కాదవ్వా. కాలేజీకెల్లి వచ్చినం. మీ ఇంట్ల ఆడోళ్లు ఎంతసేపు నిద్రపోతరో అడగనీకి."

అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఎంత జెప్తే పింఛన్ వస్తదో నువ్వే జెప్పు. గంత రాస్కో."

నేను నవ్వాను. అవ్వ నవ్వలేదు. లోపల కోడలు గిన్నెలు తోముతోంది. ఆమెను అడుగుతాననేసరికి అవ్వే జవాబిచ్చింది. "దానికేంది. పొద్దెక్కినదాక పంటది. మా కాలంల గిట్ల లేకుండె." కోడలు తల ఎత్తకుండా చిన్నగా నవ్వింది. తోముతున్న గిన్నెను ఇంకోసారి తోమింది. నేను ఏం రాయాలో తెలియక అట్ట పట్టుకుని నిలబడ్డాను.

ఇంతలో మేడం వచ్చారు. సంగతి చూసి, అవ్వ పక్కన అరుగు మీద కూర్చుని, తానూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని వలవడం మొదలుపెట్టారు. "పెద్దమ్మా, మీరు కొత్తగ ఈ ఇంటికి వచ్చినప్పుడు ఎట్లుండె? మీ అత్త పండనిచ్చేదా?" అని అడిగారు. అంతే. అవ్వ చేతిలో కాయలు పక్కన పెట్టింది. ఎవరూ అడగని సంగతి అది. ఆమె చెప్తూనే ఉంది. మేడం వలుస్తూ వింటూ, నావైపు చూడకుండానే కళ్లతో లోపలికి పొమ్మని చెప్పారు.

కోడలి దగ్గర కూర్చున్నాక కూడా గంటల్లో జవాబు దొరకదని మేడం ముందే చెప్పి ఉన్నారు. "ఎన్నింటికి లేచినవ్ అని అడగకుండ్రి. లేచినప్పుడు ఏం ఇనవడ్డది అని అడుగుండ్రి." అదే అడిగాను.

"అజాన్ ఇనవడ్డదా అక్కా, నువ్వు లేచినప్పుడు?"

"అజాన్ వరకు వాకిలి ఊడ్చి నీళ్లు జల్లుడు అయిపోతది." అని గొంతు తగ్గించి, "పాప పుట్టినకాడికెల్లి పండుడు లేదు, లేచుడు లేదు. గట్ల కండ్లు మూసుకుంట, గంతే. దాన్ని నిద్ర అని రాస్తవా?" అన్నది.

నా కాగితంలో దానికి గడి లేదు. మేడంకు చెప్తే, "పక్కన రాయి. గడి లేనంత మాత్రాన ఆమె అన్నది పోదు గద" అన్నారు. అజాన్ వేళ కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఆ నెలలో ఏ వేళకు ఇస్తున్నారో మసీదుకు పోయి తానే కనుక్కుని వచ్చారు. పొద్దటి బస్సు ఎప్పుడు వస్తుందో డ్రైవర్‌ను అడిగారు. అప్పుడు గానీ మా జవాబులు గంటలుగా మారలేదు.

సాయంత్రం ఆటోల దగ్గర అందరం కలిశాం. మాకు చాలా గర్వంగా ఉంది. మా జట్టులో ఒకరు కాగితాల కట్ట మేడం చేతికిచ్చి, "ఒక్కటి తక్కువ కాలేదు మేడం. తాళం ఏసిన ఇల్లు వస్తే పక్కింట్ల అడిగినం" అన్నారు. అన్ని జట్లూ అదే చేశాయి. ఎవరూ చెప్పకుండానే అందరికీ అదే తెలివైన పనిగా తోచింది. పనులు అయిపోయి జనం హైదరాబాద్‌కూ బొంబాయికీ వలసపోయిన కాలం. ఆ ఊళ్లో ఎన్నో తలుపులకు తాళాలు. కొన్నింటి ముందు కంప అడ్డం పెట్టి ఉంది. మా పాలమూరులో పుట్టిన పిల్లలకు తాళం వేసిన ఇల్లు వింత కాదు. చూసి పక్కింటికి నడవడం మాకు అలవాటు.

మేడం కట్టను విప్పలేదు. "పక్కింటోళ్లు ఎందుకున్నరు ఊర్ల?" అని అడిగారు.

"వాళ్లకు బోరున్నది మేడం. కొందరు ముసలోళ్లు."

"తాళం ఏసినోళ్లకు?"

"ఏం లేదు మేడం."

"అయితే మీరు ఊరిని అడగలే. ఊర్ల మిగిలినోళ్లను అడిగిన్రు."

కోపంగా అనలేదు. మరమరాల పొట్లం విప్పి మా మధ్య పెట్టారు. ఎవరం తీసుకోలేదు. కాసేపటికి ఆమే, "తాళం గూడ ఒక జవాబే. అది రాస్కోని రావాలె. వాళ్లు వానలకు వస్తరు. మిరుగం దాటినంక మళ్ల వద్దాం" అన్నారు.

మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, మా పరీక్షలు అయిపోతాయి, ఎవరి దారి వాళ్లది. అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు.

అయినా ఉన్న కాగితాలతో లెక్క చేయించారు. ఆ లెక్క ఎట్లా చేస్తారో ఒక్కమాటలో చెప్తాను, దాంతో పని ఉంది. ముందు ఏడు గంటలే నిజమనుకోవాలి. ఏడే నిజమైతే, మనకు వచ్చినట్టి సగటు ఊరికే యాదృచ్ఛికంగా రావడానికి ఎంత అవకాశం ఉందో చూడాలి. చాలా అరుదుగా తప్ప రాదని తేలితే ఏడును వదిలేస్తాం. అట్లా తేలకపోతే వదలలేం. మాకు వచ్చిన సగటు ఏడుకంటే తక్కువే. కానీ ఒకరి జవాబుకూ ఇంకొకరి జవాబుకూ ఎంతో తేడా ఉంది. అంత తేడా ఉన్నప్పుడు ఆ తక్కువ నమ్మదగ్గ తక్కువ కాదు. ఏడును వదలలేకపోయాం.

క్లాసు చప్పబడిపోయింది. ఆ కోడలు చెప్పిన మాట నా చెవుల్లో ఉంది. ఇంత తిరిగి చివరికి పుస్తకమే గెలిచిందా అనిపించింది. క్లాసు లీడర్ లేచి బోర్డు మీద 'సగటు నిద్ర ఏడు గంటలని రుజువైనది' అని చక్కగా రాశాడు. మేడం నడిచి వచ్చి, చివరి మాటను అరచేత్తో తుడిచేశారు.

"ఎవరు రుజువు చేసిన్రు?"

"మనమే మేడం."

"మనం కాదనలేకపోయినం. గంతే. కాదనలేకపోవుడు వేరు, అవుననుడు వేరు. మన దగ్గర ఉన్న సాక్ష్యం సాలలే, అంతవరకే చెప్పాలె. ఈ రెండు కలిపితే మాత్రం నాకు కోపమొస్తది."

ఆమెకు కోపం వస్తుందని ఆమే చెప్పగా వినడం తప్ప, నిజంగా కోప్పడగా చూసింది లేదు. ఆ రిపోర్టు చివర ఒక వాక్యం పెట్టించారు: ఈ సగటు, సర్వే నాటికి తాళం వేసి ఉన్న ఇళ్లకు వర్తించదు. "ఎవరు చదువుతరు మేడం ఇంత కింద?" అని నేనే అన్నాను. "చదవకపోతే వాళ్లిష్టం. రాయకపోతే మన తప్పు" అన్నారు.

ఆ రిపోర్టు పనిమీదే ఒకసారి ఆమె గదికి పోయాను. మేడ మీద ఒక్క గది, వంటకు ఒక మూల. ఒక్కటే కుర్చీ. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తాను మంచం మీద కూర్చున్నారు. కంచం ఒకటి, గ్లాసు ఒకటి బోర్లించి ఉన్నాయి. నాకు గ్లాసులో చాయ్ పోసి, తాను గిన్నెలో తాగారు. గోడకు క్యాలెండర్ తప్ప ఫోటోలు లేవు. పెళ్లి అయిందా, కాలేదా, ఎవరైనా ఉన్నారా అని కాలేజీలో ఎన్నో కథలు నడిచేవి. నేను వాటికి దూరంగా ఏమీ లేను. అయితే ఆ గదిలో కూర్చున్నప్పుడు అడగబుద్ధి కాలేదు. వేరే మాట అడిగాను.

"మీరు ఎంతసేపు నిద్రపోతరు మేడం?"

నవ్వారు. "నన్ను లెక్కల వేయకు. నేను మీ జనాభాల లేను."

అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ మాట వేరేగా వినబడుతోంది. అయితే వేరేగా వినబడుతున్నది కాబట్టి అప్పుడు ఆమె దుఃఖంతోనే అన్నారని చెప్పలేను. అట్లా చెప్తే ఆమె ఒప్పుకునేవారు కాదు.

ఇంకొకటి మాత్రం నా కళ్లతో చూశాను. ఆదివారాలు గద్వాల నుంచి హాస్టల్‌కు తిరిగి వచ్చేటప్పుడు, వనపర్తి బస్టాండులో ఒక బెంచీ మీద కూర్చుని పేపర్లు దిద్దుతూ కనపడేవారు. పక్కన చాయ్ కప్పు. చుట్టూ సంచులు, పిల్లల ఏడుపులు, కండక్టర్ల అరుపులు. మొదటిసారి చూసినప్పుడు, ఎవరినో బస్సు ఎక్కించడానికో దించుకోవడానికో వచ్చారనుకున్నాను.

"ఎవరన్న వస్తున్నరా మేడం?"

"ఎవరొస్తరు? ఎవరు రారు." ఎర్రసిరా పెన్ను మూత పెట్టి బస్సుల దిక్కు చూశారు. "ఈడ కూసుంటే అందరు వస్తరు."

తర్వాతి ఆదివారాల్లో నా బస్సు దిగి, ఆమె పక్కన కాసేపు కూర్చునేదాన్ని. పెద్దగా మాట్లాడుకునేది ఏమీ ఉండేది కాదు. బిజినేపల్లి బస్సు వచ్చి పోయేది, కొత్తకోట బస్సు వచ్చి పోయేది. ఒక్కోసారి ఒక పేపరు నా చేతికిచ్చి, "ఈ పిల్ల ఏడ తప్పింది చెప్పు" అనేవారు. నాకు ఇంట్లో కంటే ఆ బెంచీ మీద మనసు నిమ్మళంగా ఉండేది. ఎందుకో నేను ఎవరికీ చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఈ ఎండాకాలంలో ఆమే ఫోన్ చేశారు. డిగ్రీ అయ్యాక అదే మొదటిసారి. "మిరుగం దాటినంక ధరూర్ దిక్కు పోదామనుకుంటున్న. తాళాలున్న ఇండ్ల నంబర్లు నా దగ్గరున్నయ్. ఖాళీగుంటే వస్తవా?" అన్నారు. నేను నాగర్‌కర్నూల్ సంగతి చెప్పాను.

"నువ్వేమన్నవ్ మీ ఇంట్ల?"

"ఏం అనలే మేడం."

"ఏం అనకపోతే వాళ్లేమనుకుంటున్నరు?"

"ఒప్పుకున్న అనుకుంటున్నరు."

అవతల నవ్వు వినబడింది. "అయితే మీ ఇంటికొచ్చి నా పాఠం ఒకసారి చెప్పాల్నేమో." పొమ్మనలేదు, వద్దనలేదు. పాప ఎట్లున్నదని అడిగి ఫోన్ పెట్టేశారు. అదే ఆఖరి మాట.

మేడంను సొంతూరికి తీసుకుపోయారని తెలిసి, మర్నాడు బయలుదేరాను. కోడేరు మండలంలో ఒక ఊరు. మేడం పోయారు, కోడేరు పోయొస్తానని ఇంట్లో అంటే, నాయిన రెండో మాటే విని సంతోషపడ్డాడు. "మంచిది, నాగర్‌కర్నూల్ మీదికెల్లే గద. అన్న ఇంట్ల ఏమేం కావాల్నో చూసుకోని రా." నేను చెప్పులేసుకున్నాను.

నేను పోయేసరికి దహనం ముందురోజే అయిపోయింది. ఇంటిముందు టార్పాలిన్ కింద కొందరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. కాలేజీవాళ్లు వచ్చి పోయారట. లోపల ఆడవాళ్ల మధ్య ఆమె పోలికలతోనే ఒక పెద్దావిడ. అదే పొట్టితనం, అవే కళ్లు. మేడం అక్క. నన్ను చూసి పక్కవాళ్లను అడిగింది, వాళ్లకు తెలియదు. అప్పుడు నన్నే అడిగింది.

"నువ్వు ఏమైతవ్ బిడ్డా?"

"మేడం దగ్గర చదువుకున్న" అన్నాను. అది సరిపోలేదని నాకే అనిపించింది. కానీ అంతకంటే నిజమైనది ఇంకొకటి లేదు. ఆవిడ నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"మా చెల్లె నోరు తెరిసి ఏది అడగలే బిడ్డా" అన్నది కాసేపటికి. నాతో చెప్తున్నట్టు లేదు, ముందు నుంచీ చెప్తున్నదే కొనసాగిస్తున్నట్టుంది. "పెండ్లి కావాలన్నది లేదు, వద్దన్నది లేదు. మేము ఒకటి రెండు సంబంధాలు చూసి ఊకున్నం. నౌకరున్నది, వనపర్తిల మంచిగనే ఉన్నదనుకున్నం. ఎన్నడు ఫోన్ చేసి బాధ అని చెప్పలే. చెప్పకపోతే బాధ లేదు కావచ్చనుకున్నం."

ఎవరో చాయ్ తెచ్చి ఇచ్చారు. పక్కింటివాళ్లు పెట్టిన చాయ్. ఆవిడ గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. నావైపు తిరిగింది.

"నువ్వు దగ్గరుండి చూసినవ్ గద. మంచిగనే ఉండెనా బిడ్డా?"

అవునంటే ఆవిడకు ఆ పూట కొంత తేలికయ్యేది. అవునన్న మాట నాలిక దాకా వచ్చింది. నాకు ఆ గదిలో బోర్లించిన ఒక్క కంచం కనపడింది. బస్టాండులో బస్సుల దిక్కు చూసిన చూపు కనపడింది. అవ్వతో కాయలు వలుస్తూ కూర్చున్న ఆమె మొహం కూడా కనపడింది. ఆ మొహం ఏకాకి మొహం కాదు. వీటన్నిటినీ కలిపి సగటు కడితే వచ్చేది ఆమె కాదు.

"నాకు తెల్వదు పెద్దమ్మా. నేను అడగలే" అన్నాను.

ఆవిడ కోపగిస్తుందనుకున్నాను. నా చేతి మీద చెయ్యి వేసి అట్లాగే ఉంచింది. "నిన్నటికెల్లి వచ్చినోళ్లందరు మంచిగుండె, మంచిగుండె అంటున్రు" అన్నది. "తెల్వదన్నది నువ్వొక్కదానివే." నేను లేచేటప్పుడు ఆవిడ అరచేయి నా చేతి మీద వెచ్చగా ఉంది.

తిరుగుదారిలో నాగర్‌కర్నూల్‌లో బస్సు మారాలి. అన్న ఇల్లు బస్టాండుకు దగ్గరే. పోలేదు. బిజినేపల్లి మీదుగా పోయే వనపర్తి బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎక్కడో మబ్బు పట్టి, దుక్కి దున్నిన ఎర్రమట్టి నల్లబడుతోంది. ఒక్కటే ఆలోచన. ఆమె అక్క చెడ్డ మనిషి కాదు. సంబంధాలు చూసింది, జవాబు రాలేదు, ఊరుకుంది. జవాబు రాకపోవడాన్ని జవాబు అనుకుంది. చెల్లెలు కూడా ఊరుకుంది. అట్లా ఇద్దరూ ఊరుకుంటూ ఒక జీవితం గడిచిపోయింది. మేడం సుఖంగా బతికారో లేదో నాకు నిజంగా తెలియదు. కానీ ఆ ప్రశ్న రేపు మా అమ్మ ఎవరో పరాయి పిల్లను పట్టుకుని నా గురించి అడగడం నాకు ఇష్టం లేదు.

వనపర్తిలో దిగి ఒక ట్యుటోరియల్‌కు పోయాను. లెక్కలు చెప్పేవాళ్లు కావాలని వాళ్లు బోర్డు పెట్టి ఉన్న సంగతి చాలా రోజులుగా తెలుసు.

ఆదివారం అన్న, వదిన, పాప గద్వాలకు వచ్చారు, నన్ను తీసుకుపోవడానికి. అమ్మ బచ్చలికూర పప్పు చేసింది. అందరం తింటుంటే అన్న అడిగాడు.

"బట్టలు సర్దుకున్నవా? పొద్దుగూకకముందే పోదాం."

"నేను వస్తలేను అన్నా."

అన్న నవ్వాడు, నేను పరాచికాలాడుతున్నాననుకుని. తర్వాత నవ్వు ఆపాడు. "గప్పుడు చెప్తే ఏం అనకపోతివి?"

"అనలే. ఒప్పుకున్న అని గూడ అనలే."

"ఊకుంటే మేమేమనుకోవాలె మరి?"

"ఏమో, తెల్వదు అనుకోవాలె. మళ్ల అడగాలె."

"ఎవరో మేడం సచ్చిపోతే ఇంట్లోళ్ల మీద గిట్ల తిరగవడ్తరానే?" అన్నది అమ్మ. నాయిన కంచంలోనే చూస్తున్నాడు. పాపకు పప్పన్నం పెడుతున్న వదిన చెయ్యి ఆగింది. ఇంతమందిలో నావైపు తిరిగింది ఆమె ఒక్కతే.

"ఇప్పుడు నేను అడుగుతున్న" అన్నది వదిన. గొంతులో నిష్ఠూరం లేకపోలేదు. "వస్తవా, రావా?"

"రాను వదినా."

వదిన తల ఊపింది. పాపకు ఇంకో ముద్ద పెట్టింది. వాళ్లు వాన మొదలుకాకముందే బయలుదేరారు. పాప నా చున్నీ కొస వదలలేదు. వదిన ఒక్కొక్క వేలూ విప్పి తీసుకుపోయింది. అమ్మ నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు.

నేను నాగర్‌కర్నూల్ పోవడం లేదు. వనపర్తిలో గది తీసుకున్నాను, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. వానలు పడ్డాయి, వలసపోయినవాళ్లు ఊళ్లకు వస్తున్నారు. వాళ్లు ఎంతసేపు నిద్రపోతారని ఇంతవరకు ఎవరూ అడగలేదు. వచ్చే ఆదివారం ధరూర్ దిక్కు పోయి నేను అడుగుతాను.